పాత గడ్డి మెషిన్ ఎందుకు పోయిందో తేలాకే కొత్తది

గడ్డి కోసే మెషిన్ పాడైంది, కొత్తది కొనాలి అనగానే ఎవరైనా అడిగే మొదటి మాట 'పెట్రోలుదా, బ్యాటరీదా?' అని. అడగాల్సిన ప్రశ్నే గానీ, దానికన్నా ముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి. పాత మెషిన్ అసలు దేనివల్ల పోయింది? మన స్థలంలో పెరిగేది ఏమిటి? ఈ రెండూ తేలకుండా కొన్నవాళ్లు చాలాసార్లు అదే మెషిన్‌ని ఇంకో రంగులో మళ్లీ కొంటారు. అది కూడా అదే జబ్బుతో మూలపడుతుంది.

ఇక్కడ చెబుతున్నది నైలాన్ దారం తిప్పి గడ్డి కోసే చేతి మెషిన్ గురించి. దారం బదులు ఇనుప బ్లేడు కూడా వేసుకునే వీలున్న పెద్ద మెషిన్లను బ్రష్ కట్టర్లు అంటున్నాం. వాటి ప్రస్తావన మధ్యలో వస్తుంది.

పాతదానికి పోస్టుమార్టం

పెట్రోల్ మెషిన్లతో మొదలుపెడదాం. 'పోయిన సీజన్‌లో బాగానే పనిచేసింది, ఇప్పుడు తాడు ఎంత లాగినా స్టార్ట్ అవ్వట్లేదు' అన్నది అన్నిటికన్నా ఎక్కువగా వినపడే ఫిర్యాదు. ఇలాంటి వాటిలో చాలావరకు ఇంజన్ బాగానే ఉంటుంది, మూసుకుపోయింది కార్బొరేటర్, అంటే పెట్రోల్‌నీ గాలినీ కలిపి ఇంజన్‌కి అందించే భాగం. ట్యాంకులో పెట్రోల్ అలాగే వదిలేసి నెలల తరబడి మూల పెడితే అందులోని తేలికపాటి భాగం ఆవిరైపోతుంది. మిగిలింది జిగురుగా మారి కార్బొరేటర్‌లోని సన్నటి రంధ్రాలకు అడ్డుపడుతుంది. ఇథనాల్ కలిపిన పెట్రోల్ అయితే గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది. ఆ తేమ ఒక హద్దు దాటిందంటే ఇథనాలూ నీళ్లూ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి ట్యాంకు అడుక్కి చేరతాయి. పెట్రోల్ పీల్చే గొట్టం చివర ఉండేదీ అక్కడే. పైగా లోపలి రబ్బరు పొర బిగుసుకుపోతుంది, పైపులు పగులుతాయి, స్టార్ట్ చేసే ముందు వేలితో నొక్కే ప్రైమర్ బల్బు చీలిపోతుంది. ఇవన్నీ విడిగా దొరికే చిన్న పార్టులు. వీటి కోసం మెషిన్ మొత్తం మార్చడం దండగ.

ఇంకో రకం ఉంటుంది. స్టార్ట్ అవుతుంది, ఐడ్లింగ్‌లో బాగానే తిరుగుతుంది, రేస్ ఇవ్వగానే గొంతు పట్టేసినట్టు మూలుగుతుంది. ఎయిర్ ఫిల్టర్ దులిపి చూసినా మార్పు లేకపోతే సైలెన్సర్ విప్పండి. పొగ బయటికొచ్చే చోట నిప్పురవ్వలు ఎగరకుండా ఒక చిన్న ఇనుప జాలీ ఉంటుంది. పెట్రోల్‌లోనే ఆయిల్ కలిపి నడిపే టూ స్ట్రోక్ ఇంజన్లలో ఆయిల్ మసి పట్టి అది పూర్తిగా మూసుకుపోతుంది. పొగ బయటికి పోలేక, కొత్త గాలి లోపలికి రాలేక ఇంజన్ ఉక్కిరిబిక్కిరి అవుతుంది. జాలీ శుభ్రం చేస్తే పోయిందనుకున్న మెషిన్ లేచి కూర్చుంటుంది.

సైలెన్సర్ ఎలాగూ విప్పారు కాబట్టి టార్చి వేసి ఆ రంధ్రంలోంచి లోపలికి చూడండి. స్టార్టర్ తాడును మెల్లగా లాగుతుంటే పిస్టన్ పైకీ కిందికీ కదలడం కనిపిస్తుంది. దాని పక్కభాగం నున్నగా, కాస్త మెరుస్తూ ఉంటే ఇంజన్ బతికే ఉన్నట్టు. నిలువుగా గీతలు పడి, గోరుతో తడిమితే తగిలేంత లోతుగా ఉంటే పిస్టన్ గీరుకుపోయిందన్నమాట. దీనికి మామూలుగా ఒకటే కారణం, ఆయిల్ లేని పెట్రోల్, లేదా సరిపడా ఆయిల్ కలపని పెట్రోల్. టూ స్ట్రోక్ ఇంజన్‌కి పెట్రోల్‌లో కలిపిన ఆయిలే దిక్కు. ఆయిల్‌కి విడిగా అర ఉండదు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు తాడు పట్టుకుని మెషిన్‌ని గాల్లోకి ఎత్తి చూడడం ఇంకో పాత పరీక్ష. కంప్రెషన్ బాగుంటే ఆ బరువుకి ఇంజన్ ఆగి ఆగి, ఒక్కో కుదుపుతో దిగుతుంది. అడ్డూ ఆపూ లేకుండా జర్రున జారిపోతే లోపల అరిగిపోయినట్టే. ఆ దశలో బాగుచేయించడం కన్నా మార్చడమే మేలు. గేర్ బాక్స్ పళ్లు అరిగిపోయినా, ఆ మోడల్‌కి పార్టులు రావడం ఆగిపోయినా అంతే.

బ్యాటరీ మెషిన్లలో మోటార్ పోవడం కంటే బ్యాటరీ ప్యాక్ నీరసించడమే ఎక్కువ. పాత మోడల్ ప్యాక్ ఇప్పుడు దొరక్కపోతే మంచి మోటార్ ఉన్న మెషిన్ కూడా ఇనుపసామానుకే. కరెంటు వైరుతో నడిచేవి మాత్రం ఎక్కువగా మోటార్ కాలిపోయి పోతాయి. కాలిన వాసన వస్తుంది కాబట్టి అనుమానం ఉండదు. అది ఎందుకు కాలిందన్నదే ముఖ్యం. సాధారణంగా దారం ఉండాల్సినదానికన్నా పొడుగ్గా ఉండి ఉంటుంది, లేదా సన్న దారం మెషిన్‌లో మొండి కలుపు మీద గంటలకొద్దీ పని చేయించి ఉంటారు.

ఇప్పుడు ఈ మరణ కారణాలనే ఎంపికకు వాడుకోవచ్చు. ఏడాదిలో నాలుగైదు సార్లే బయటికి తీసే మెషిన్ ప్రతిసారీ కార్బొరేటర్ పట్టేసి పోతోందంటే పెట్రోల్ మెషిన్ మీ అలవాటుకు సరిపోవట్లేదు. ఎంత మంచి కంపెనీది కొన్నా అదే జరుగుతుంది. ఆయిల్ కలపడం మర్చిపోయి పిస్టన్ పోగొట్టుకున్న ఇంట్లో, నలుగురూ వాడే మెషిన్ అయితే మరీ, టూ స్ట్రోక్ మళ్లీ కొనకూడదు. మోటార్ కాలిపోయిందంటే చేయాల్సిన పని మెషిన్ తాహతుకు మించి ఉంది.

అసలు కోసేది దారం

ఈ మెషిన్ 1971లో అమెరికాలోని హ్యూస్టన్‌లో పుట్టింది. జార్జ్ బల్లాస్ అనే ఆయన కారు కడిగించుకుంటూ, గిరగిరా తిరిగే నైలాన్ బ్రష్షులు కారు రంగు పోకుండా మురికి ఎలా వదిలిస్తున్నాయో గమనించాడు. ఇంటికెళ్లి ఖాళీ పాప్‌కార్న్ డబ్బాకు చిల్లులు పెట్టి, చేపలు పట్టే నైలాన్ తీగ దూర్చి, లాన్ అంచులు కత్తిరించే మెషిన్‌కి తగిలించి తిప్పాడు. గడ్డి తెగింది. వీడ్ ఈటర్ అన్న పేరుతో ఆయన పెట్టిన కంపెనీ 1977లో ఎమర్సన్ ఎలక్ట్రిక్ చేతికి వెళ్లింది. యాభై ఏళ్లలో ఇంజన్లు, మోటార్లు ఎన్నో మారినా చివరన కోసే పని ఇప్పటికీ ఆ నైలాన్ దారానిదే. అందుకే ఎంపిక కూడా ఆ చివరి నుంచే మొదలవ్వాలి.

దారానికి పదును లేదు. వేగమే దాని పదును. 40 సెంటీమీటర్ల వెడల్పు కోసే మెషిన్ నిమిషానికి 6,000 సార్లు తిరుగుతోందనుకుంటే దారం కొస సెకనుకు 125 మీటర్ల వేగంతో, అంటే గంటకు సుమారు 450 కిలోమీటర్లతో పోతుంటుంది. ఆ వేగంలో మెత్తటి నైలాన్ నిటారుగా బిగుసుకుని గడ్డిని కొట్టి తెంపుతుంది. కొస దగ్గరే ఈ వేగం. దారం చుట్టి ఉండే మధ్య భాగం, అంటే హెడ్ వైపు వచ్చేకొద్దీ తగ్గిపోతుంది. దారమంతా గడ్డిలోకి తోసేవాళ్లకి దారం ఊరికే తెగడం, గడ్డి హెడ్‌కి చుట్టుకోవడం అందుకే. కొసతో మాత్రమే పైపైన తాకిస్తూ, కొద్దికొద్దిగా ముందుకు పోవాలి.

ఇక్కడే ఒక లెక్క ఉంది, దీన్ని ప్యాకెట్ మీద ఎవరూ రాయరు. తిరిగే దారం గడ్డిని తాకకపోయినా గాలిని చీల్చుకుపోవడానికే చాలా శక్తి తింటుంది. అదే స్పీడులో తిప్పితే ఆ ఖర్చు దారం పొడవుకు నాలుగో ఘాతంగా పెరుగుతుంది. వెడల్పు 30 సెంటీమీటర్ల నుంచి 40కి పెంచితే పెరిగింది మూడో వంతే కదా అనిపిస్తుంది, గాలి మీద ఖర్చు మాత్రం మూడు రెట్లకు పైగా పెరుగుతుంది. తక్కువ పవర్ మెషిన్ల మీద 'ఎక్కువ వెడల్పు' అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటే అనుమానించాల్సింది ఇందుకే. ఆ వెడల్పుతో తిప్పడానికి దాని స్పీడన్నా తగ్గించి ఉంటారు, లేదా బ్యాటరీ పది నిమిషాల్లో అయిపోతుంది. రక్షణ కవచం అంచున ఉండే చిన్న ఇనుప బ్లేడు పని కూడా దారాన్ని సరైన పొడవుకు కత్తిరించడమే. కవచం అడ్డమొస్తోందని పీకేసి, దారం పొడుగ్గా వదిలి వాడితే క్లచ్ వేడెక్కో, మోటార్ కాలో మెషిన్ పైన చెప్పిన పోస్టుమార్టం జాబితాలోకి చేరుతుంది.

దారం మందం సంగతి. లాన్ అంచులు, గోడల వెంట మెత్తటి గడ్డి అయితే 1.6 మి.మీ. చాలు. గరిక, తుంగ, మోకాలి ఎత్తు మామూలు కలుపు ఉంటే 2.0 నుంచి 2.4. కాడ ముదిరిన వయ్యారిభామ లాంటివి, పీచు పట్టిన దట్టమైన గడ్డి ఉంటే 2.7 నుంచి 3.3 వరకు వెళ్లాలి, దానికి తగ్గ ఇంజన్ కూడా కావాలి. మెషిన్ 2.4కి చేసిందైతే అందులో 3 మి.మీ. దారం వేయకూడదు. దారం బరువు ఒకటిన్నర రెట్లు అవుతుంది, గాలి అడ్డు పాతిక శాతం పెరుగుతుంది, ఆర్‌పీఎం, అంటే నిమిషానికి తిరిగే చుట్లు, పడిపోతుంది. మందం పెంచి వేగం పోగొట్టుకుంటే సన్న దారం కోసినంత కూడా కోయదు. కాబట్టి కొనేముందు మీ స్థలంలోని అన్నిటికన్నా మొండి గడ్డి ఏదో చూసుకుని, దానికి కావాల్సిన దారం మందం ఎంతో అనుకుని, ఆ మందం తిప్పగల మెషిన్‌నే వెతకండి. ఏడాదికి ఒకసారి మొలిచే నాలుగు ముళ్ల పొదల కోసం మాత్రం పెద్ద మెషిన్ కొనక్కర్లేదు. వాటికి కొడవలి చాలు.

దారం ఆకారాలు గుండ్రం, చదరం, నక్షత్రం, మెలితిప్పింది అంటూ రకరకాలుగా ఉంటాయి. కోణాలున్నవి కాడలను బాగా చీలుస్తాయి, త్వరగా అరుగుతాయి. మెలితిప్పినవి చప్పుడు తక్కువ చేస్తాయి. ఇళ్ల వాడకానికి గుండ్రటి దారం గానీ మెలితిప్పింది గానీ తీసుకుంటే గొడవ ఉండదు. ఆకారం కన్నా పనికొచ్చే చిట్కా ఒకటుంది. ఏళ్ల తరబడి ఎండలో, వేడి గదిలో పడి ఉన్న దారం పెళుసుగా విరుగుతుంటే ఒక రోజు నీళ్లలో నానబెట్టండి. నైలాన్ నీటిని పీల్చుకునే పదార్థం. తేమ చేరితే మళ్లీ సాగే గుణం వస్తుంది. 'ఈ మెషిన్‌లో దారం నిలవదు' అని తిట్టేవాళ్లలో కొందరి సమస్య దీంతోనే తీరిపోతుంది.

వోల్టులు, సీసీలు ఏం చెబుతాయి, ఏం దాస్తాయి

ఇప్పుడు పెట్రోలా, బ్యాటరీయా అన్న ప్రశ్న అడగొచ్చు.

బ్యాటరీ మెషిన్ల మీద రాసే వోల్టులు చూసి కంగారు పడక్కర్లేదు. ఒకడు 18 వోల్టులంటాడు, పక్కవాడు 20 మ్యాక్స్ అంటాడు. రెండూ ఒకటే. ప్యాక్‌లో వరసగా కలిపినవి ఐదు లిథియం సెల్సే. సెల్‌కి సగటున 3.6 వోల్టులు వేసుకుంటే 18, నిండుగా చార్జ్ అయినప్పటి సుమారు 4 వోల్టుల లెక్క వేస్తే 20. అలాగే 36 అన్నా 40 మ్యాక్స్ అన్నా పది సెల్సే. అసలు చూడాల్సింది వాట్-అవర్లు. వోల్టులను ఆంపియర్-అవర్లతో గుణిస్తే వస్తుంది. 18 వోల్టులు, 5 ఆంపియర్-అవర్ల ప్యాక్‌లో ఉండేది 90 వాట్-అవర్లు. 36 వోల్టులు, 2.5 ఆంపియర్-అవర్ల ప్యాక్‌లో ఉండేదీ 90యే. వోల్టులు రెట్టింపయ్యాయని పని రెట్టింపు జరగదు. ఎక్కువ వోల్టుల వల్ల లాభం వేరే ఉంది. అదే పవర్‌కి కరెంటు తక్కువ పారుతుంది కాబట్టి వైర్లు, మోటార్ తక్కువ వేడెక్కుతాయి. పెద్ద పవర్ మెషిన్లు అందుకే ఎక్కువ వోల్టులకు వెళ్తాయి.

ఆ 90 వాట్-అవర్లు ఎంతసేపు వస్తాయి? మామూలు గడ్డిలో మెషిన్ 300 వాట్లు లాగుతోందనుకుంటే 18 నిమిషాలు. దట్టంగా ఉండి 500 వాట్లు లాగితే 11 నిమిషాలు కూడా రాదు. డబ్బా మీద రాసే 'గంట వరకు' అన్నది అతి తక్కువ స్పీడులో, ఖాళీగా తిప్పితే వచ్చే లెక్క. మీ స్థలం ఇప్పుడు పూర్తి చేయడానికి ఎంతసేపు పడుతోందో, అందులో మెషిన్ నిజంగా తిరిగే సమయం ఎంతో చూసుకుని, దానికి రెండు ప్యాకులు చాలతాయా అని లెక్కేసుకోండి. చాలకపోతే చార్జర్ స్పీడు చూడాలి. 2 ఆంపియర్లే ఎక్కించే చిన్న చార్జర్‌తో 5 ఆంపియర్-అవర్ల ప్యాక్ నిండడానికి రెండున్నర గంటల పైనే పడుతుంది. 18 నిమిషాల పనికి అంతసేపు ఎదురుచూపు.

బ్యాటరీ కొనడమంటే ఒక రకంగా కంపెనీతో కాపురం పెట్టడం. ఒకరి ప్యాక్ ఇంకొకరి మెషిన్‌కి పట్టదు. ఇంట్లో ఇప్పటికే ఒక కంపెనీ డ్రిల్లు, ప్యాకులు ఉంటే వాళ్ల గడ్డి మెషిన్‌నే బ్యాటరీ లేకుండా ఒట్టి మెషిన్‌గా కొనడం తెలివైన పని, అది మిగతావాటికన్నా ఒక మెట్టు తక్కువైనా సరే. మోటార్ బ్రష్‌లెస్‌దేనా అని తప్పక అడగండి. కార్బన్ బ్రష్షుల రాపిడి ఉండదు, అదే ప్యాక్‌తో ఎక్కువసేపు నడుస్తుంది. సీజన్ అయిపోయాక ప్యాక్‌ని సగం చార్జ్‌తో చల్లటి చోట దాచాలి. నిండుగా చార్జ్ చేసి రేకుల షెడ్డులో పెడితే లిథియం సెల్ వాడకుండానే ముసలిదైపోతుంది.

పెట్రోల్ గొప్పతనం ఆగకుండా పనిచేయడంలో ఉంది. 25 సీసీ ఇంజన్ ఇచ్చేది సుమారు ఒక హార్స్ పవర్, అంటే 750 వాట్ల దరిదాపు. అర లీటరు ట్యాంకుతో దాదాపు గంటసేపు గట్టిగా పని చేయించుకోవచ్చు. అయిపోతే మళ్లీ పోసుకోవడమే. ఎకరాల లెక్కన ఉన్న స్థలం, కరెంటుకు దూరంగా ఉన్న తోట, రోజంతా కూలికి కోసే పని, వీటికి ఇప్పటికీ పెట్రోలే సులువు. సీసీ ఎక్కువ ఉన్నంత మాత్రాన మంచి ఇంజన్ అనుకోకూడదు. ఎన్ని ఆర్‌పీఎం దగ్గర ఎన్ని కిలోవాట్లు ఇస్తుందో రాసి ఉంటే దాన్ని నమ్మండి. సీసీ పెద్దగా రాసి కిలోవాట్ల ఊసే ఎత్తని మెషిన్ ఉంటే ఎందుకు ఎత్తలేదో ఆలోచించాలి.

టూ స్ట్రోక్ తేలిక, నిర్మాణం సులువు, మెకానిక్‌కి అలవాటు. కానీ ప్రతిసారీ ఆయిల్ కలపాలి. 50:1 అని చెబితే లీటరు పెట్రోల్‌కి 20 మి.లీ., 40:1 అయితే 25 మి.లీ. టూ స్ట్రోక్ ఆయిలే వాడాలి, కారు ఇంజన్ ఆయిల్ కాదు. కంటితో అంచనా వేసి పోసేవాళ్లే పిస్టన్లు ఎక్కువ పోగొట్టేది. ఫోర్ స్ట్రోక్‌లో ఆయిల్ విడిగా ఉంటుంది. మామూలు పెట్రోల్ పోస్తే చాలు, పొగ తక్కువ, చప్పుడు కాస్త బొంగురుగా ఉండి చెవికి తక్కువ బాధ. దీనికీ ఒక బలహీనత ఉంది. ఈ బుల్లి ఇంజన్లలో పట్టే ఆయిల్ చాలా తక్కువ. హోండా జీఎక్స్25 లాంటి దాంట్లో 80 మి.లీ. మాత్రమే. అందులో సగం తగ్గినా మనకు తెలీదు, ఇంజన్‌కి తెలుస్తుంది. ప్రతిసారీ లెవెల్ చూసే ఓపిక ఉన్నవాళ్లకి ఇదే నా ఓటు. ఫోర్ స్ట్రోక్ అని పేరున్నా ఆయిల్ కలిపిన పెట్రోల్‌తోనే నడిచే రకం కూడా ఉంది, స్టిల్ కంపెనీ ఫోర్-మిక్స్ అలాంటిదే. కాబట్టి ట్యాంకు మూత మీద ఏం బొమ్మ ఉందో కొనేముందే చూడండి.

కరెంటు వైరు మెషిన్ గురించి రెండు మాటలు చాలు. చిన్న పెరడు, దగ్గర్లో ప్లగ్గు ఉంటే అంత తేలికైనది, తక్కువ తలనొప్పిది ఇంకోటి లేదు. తడి గడ్డిలో వాడకూడదు, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే ఎర్త్ లీకేజీ బ్రేకర్ లేని లైను మీద అసలు వాడకూడదు.

చేతులు, నడుము

కాటలాగ్‌లో రాసిన బరువు చూసి మోసపోవడం తేలిక. పెట్రోల్ మెషిన్లకు రాసేది చాలాసార్లు ఇంధనం, హెడ్డు, కవచం లేకుండా ఉన్న బరువు. బ్యాటరీ వాటికి ప్యాక్ లేని బరువు రాస్తారు. అన్నీ బిగించి ఉన్న మెషిన్‌ని చేతిలోకి తీసుకుని, పని చేసే భంగిమలో కాసేపు అటూ ఇటూ ఊపి చూడండి. ఆ కాసేపట్లో హెడ్డు నేలకి వాలిపోతుంటే, ఎంత తేలికైనా సరే, అరగంట తర్వాత నడుము పట్టేస్తుంది. వెనక ఇంజనో ప్యాకో ఉండి, ముందు పట్టు దగ్గర సరిగ్గా తూగే నాలుగున్నర కిలోల మెషిన్, తల బరువైన మూడున్నర కిలోల దానికన్నా సుఖం.

పిడికీ హెడ్డుకీ మధ్య ఉండే పొడుగాటి గొట్టం, అంటే షాఫ్ట్, వంపు తిరిగిందా, తిన్నగా ఉందా అన్నది అందం కోసం పెట్టింది కాదు. వంపు షాఫ్ట్‌లో మెలితిరిగే స్టీల్ కేబుల్ హెడ్‌ని తిప్పుతుంది. తేలిక, పొట్టి మనుషులకు అనువు, పూలమొక్కల మధ్య బాగా తిరుగుతుంది. తిన్నని షాఫ్ట్‌లో మామూలుగా గట్టి రాడ్డు, చివర గేర్ బాక్స్ ఉంటాయి. బలం ఎక్కువ, బెంచీ కిందికి, కంచె కిందికి చేరుతుంది, బ్లేడు బిగించే యోగ్యత కూడా దీనికే. పొడుగ్గా ఉన్నవాళ్లు వంపు షాఫ్ట్ కొంటే వంగి వంగి పనిచేయాల్సి వస్తుంది. ఇంట్లో కోసేది ఎవరో వాళ్లనే షాపుకి తీసుకెళ్లడం ఉత్తమం.

వైబ్రేషన్ గురించి అమ్మేవాళ్లు ఎత్తరు, మాన్యువల్ వెనక పేజీల్లో మాత్రం ఉంటుంది. యూరప్‌లో 2002లో వచ్చిన నిబంధన ప్రకారం, ఎనిమిది గంటల పనికి సగటున 2.5 మీ/సె² దాటితే యజమాని జాగ్రత్తలు మొదలుపెట్టాలి, 5 దాటకూడదు. దీన్ని గంటల్లోకి మారిస్తే మనకూ పనికొస్తుంది. హ్యాండిల్ దగ్గర 3.5 అని రాసి ఉన్న మెషిన్‌తో రోజుకు నాలుగు గంటలు, 5 ఉన్నదానితో రెండు గంటలు, 7 ఉన్నదానితో గంట సేపటికే ఆ మొదటి గీత దగ్గరికి చేరతాం. నెలకొకసారి అరగంట కోసే ఇంటివాళ్లకి ఇది పెద్ద విషయం కాదు. రోజూ కోసేవాళ్లకి వేళ్లు తిమ్మిరెక్కడం, చలికి తెల్లబడడం ఇక్కడి నుంచే మొదలవుతాయి. పాత మెషిన్ వాడాక చేతులు జివ్వుమనేవి అంటే కొత్తదాంట్లో ముందు ఈ అంకె వెతకండి.

హెడ్డు

మెషిన్ల మీద జనం విసుగంతా చివరికి హెడ్డు మీదే. నేలకి తాటిస్తే దారం వదిలే ట్యాప్ హెడ్డు, దానంతటదే వదిలే ఆటో హెడ్డు, తెగిన ముక్కలు తీసి కొత్తవి దూర్చే ఫిక్స్‌డ్ హెడ్డు అని మూడు రకాలు. తాటించే రకమే అన్నిటికన్నా ఎక్కువగా వాడుకలో నిలబడింది. దాంతో వచ్చే ఇబ్బంది ఒకటుంది, ఎంత తాటించినా దారం రాదు. విప్పి చూస్తే రీలులో దారం చుట్లు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటాయి. ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా చుట్టిన చోట, వేడికీ అదురుకీ నైలాన్ కరిగి వెల్డింగ్ అయిపోతుంది. గోరుతో లాగితే 'టక్' మని విడిపోతుంది, విడిన చోట తెల్లటి మచ్చ ఉంటుంది. ఇది మెషిన్ లోపం కాదు. రీలు మీది బాణం గుర్తు వైపే, వరసగా, బిగువుగా చుట్టాలి. రీలు నిండా కుక్కకూడదు. దారం బయటికొచ్చే రంధ్రాల్లోని ఇనుప రింగులు అరిగి అంచు పదునెక్కినా దారం అక్కడే తెగుతుంటుంది.

హెడ్డు విప్పకుండానే దారం దూర్చి, పైభాగం తిప్పి చుట్టుకునే కొత్త రకాలు ఇప్పుడు చాలా మెషిన్లకు వస్తున్నాయి. ఒక్క హెడ్డు గురించే పాత మెషిన్ మీద విసుగు పుట్టి ఉంటే, కొత్త మెషిన్ కొనక్కర్లేదు. దానికి సరిపోయే హెడ్డు కొంటే చాలు. గేర్ బాక్స్ ఉన్న చాలా మెషిన్లలో బోల్టు ఎడమ మర, అంటే మామూలుకి తిరగేసి తిప్పాలి. ఎం10, 1.25 పిచ్ ఎడమ మర ఎక్కువగా కనిపిస్తుంది గానీ పాత హెడ్డు చేతిలో పట్టుకెళ్లి పోల్చి చూడడమే క్షేమం.

బ్లేడు కావాలనిపిస్తే

వేలు లావు కాడలున్న పొదలు ఎక్కువైతే దారం దండగ, బ్లేడు వేసుకునే బ్రష్ కట్టర్ కావాలి. దీనికి తిన్నని షాఫ్ట్, గేర్ బాక్స్, సైకిల్ హ్యాండిల్ లాంటి రెండు చేతుల పట్టు, భుజాలకు తగిలించే బెల్టు, బ్లేడుకు విడిగా ఇచ్చే కవచం అన్నీ ఉండాలి. వీటిలో ఒకటి లేకున్నా బ్లేడు వద్దు. రాయినో మొద్దునో తాకితే మెషిన్ మొత్తం పక్కకి విసిరేస్తుంది, ఆ విసురును ఆపేది బెల్టూ హ్యాండిలూ. బ్లేడు మీద రాసిన గరిష్ఠ ఆర్‌పీఎం మీ మెషిన్ ఆర్‌పీఎం కన్నా ఎక్కువ ఉండాలి.

దారం బదులు ఇనుప తీగో, గొలుసు ముక్కలో తగిలించే హెడ్డులు కూడా అమ్ముతుంటారు. గొలుసు లింకు తెగితే తూటా వేగంతో పోతుంది. ఇలాంటి ఇనుప గొలుసు హెడ్డుల అమ్మకాన్ని యూరోపియన్ కమిషన్ 2012లో నిషేధించింది, అంతకుముందు ఒక ప్రాణం పోయింది కూడా. ఎవరెంత బాగా కోస్తుందని చెప్పినా ముట్టుకోవద్దు. మామూలు దారంతో కూడా రాళ్లు ఎగురుతాయి. మనుషులు, పిల్లలు, జంతువులు 15 మీటర్ల దూరంలో ఉండాలని మాన్యువల్స్ రాసేది ఊరికే కాదు. కళ్లద్దాలు, చెవులకు మఫ్లర్లు మెషిన్‌తోపాటే కొనుక్కోండి. చెవి ఎనిమిది గంటలు తట్టుకునే హద్దు 85 డెసిబెల్స్ అనుకుంటే ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతూ పోతుంది. పెట్రోల్ మెషిన్ల చప్పుడు వాడేవాళ్ల చెవి దగ్గర దీన్ని సులువుగా దాటేస్తుంది.

చెట్ల మొదళ్ల సంగతి కూడా ఇక్కడే. దారం లేత చెట్టు బెరడుని చుట్టూ గీరేస్తే, బెరడు కిందుండే పొర తెగి ఆ చెట్టు నిలువునా ఎండిపోతుంది. కొత్తగా పవర్ ఎక్కువున్న మెషిన్ తెచ్చుకున్న మొదటి వారంలోనే ఇలాంటివి జరుగుతుంటాయి. మొదళ్ల చుట్టూ గడ్డి చేత్తో పీకేసి ఎండాకులో గడ్డో పరిచి మల్చింగ్ వేసుకుంటే మెషిన్‌ని అక్కడికి తీసుకెళ్లే పనే ఉండదు.

బిల్లు కట్టే ముందు

పెట్రోల్ మెషిన్ అయితే షాపులోనే స్టార్ట్ చేయించండి. ఐడ్లింగ్‌లో హెడ్డు తిరగకూడదు. తిరుగుతోందంటే ఐడిల్ స్క్రూ ఎక్కువైనా ఉంది, క్లచ్ స్ప్రింగైనా సరిగ్గా లేదు. వేడెక్కాక ఆపి మళ్లీ స్టార్ట్ చేయించి చూడండి, చల్లగా ఉన్నప్పుడు లేచి వేడి మీద మొరాయించే మెషిన్లు ఉంటాయి. ఎయిర్ ఫిల్టర్ మూత పనిముట్లు లేకుండా తెరుచుకుంటుందా, స్పార్క్ ప్లగ్ చేతికి అందుతుందా చూడండి. కార్బొరేటర్ కిట్, రీలు, స్టార్టర్ తాడు, ప్రైమర్ బల్బు విడిగా ఇస్తారా అని అడగండి. 'తెప్పిస్తాం' అన్న జవాబును లేదు అన్నట్టే లెక్కేసుకోవచ్చు. బ్యాటరీ మెషిన్ అయితే ప్యాక్‌కి వారంటీ ఎన్నాళ్లు, అది మెషిన్ వారంటీతో సమానమా, అదే ప్యాక్ వాళ్ల పాత మోడళ్లకి కూడా పడుతోందా అన్నవి చూడాలి. ఒకే రకం ప్యాక్‌ని చాలా ఏళ్లుగా కొనసాగిస్తున్న కంపెనీ అయితే ఇంకొన్నేళ్లు దొరికే ఆశ ఉంటుంది.

పెట్రోలుదే తీసుకున్నారా, సీజన్ చివర ట్యాంకు ఖాళీ చేసి, కార్బొరేటర్‌లో మిగిలింది కూడా అయిపోయి ఇంజన్ తనంతట తానే ఆగేదాకా నడిపించి, అప్పుడు లోపల పెట్టండి.